కెమెరా ఆగవలసిన గడప

కృష్ణానది దక్షిణపు ఒడ్డున, దాచేపల్లికి తూర్పుగా, నది దిగువకు సాగే దారిలో ఉన్న కొల్లూరు గనుల్లో దొరికిందని చరిత్రకారుల్లో చాలామంది భావించే కోహినూరు వజ్రమూ, అదే ఒడ్డున ఇంకా దిగువనున్న అమరావతి మహాస్తూపం నుంచి తరలిపోయిన సున్నపురాతి శిల్పఫలకాలూ నేడు ఒకే నగరంలో, ఒకదానికొకటి కొద్ది మైళ్ల దూరంలో ఉన్నాయి. లండన్ టవర్‌లోని ఆభరణాల భవనంలో వజ్రం ముందు నిలిచిన సందర్శకుడు కెమెరాతో గాని సెల్‌ఫోనుతో గాని ఫోటో తీయరాదు. బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి గదిలో నిలిచిన సందర్శకుడు మాత్రం ఎదుటనున్న ఫలకాలను తీరిగ్గా, కోరినన్ని సార్లు ఫోటో తీసుకోవచ్చు. రెండూ పల్నాటి సీమకు చెందిన సొత్తులే అయినా, వాటి ముందున్న నియమాలు పూర్తిగా వేరు. విదేశాల్లోని ఆలయాలకు, రాజభవనాలకు వెళ్లే తెలుగు యాత్రికులు ఏటేటా పెరుగుతున్న ఈ కాలంలో, ఒకచోట అనుమతించిన కెమెరాను మరొకచోట ఎందుకు ఆపుతున్నారో, ఆపిన ప్రతిచోటా కారణం ఒకటేనా అనేది ఆలోచించవలసిన విషయం.

లండన్ టవర్‌ను చాలామంది పాత కారాగారంగానే తలుస్తారు గాని, అధికారికంగా అది నేటికీ రాజప్రాసాదం, కోట. అక్కడి ఆభరణాలు రాజసింహాసనానికి చెందినవి. 105.6 క్యారెట్ల బరువున్న కోహినూరును 1937లో ఆరవ జార్జి పట్టాభిషేకానికి ఆయన రాణి ఎలిజబెత్ కోసం చేయించిన కిరీటంలో పొదిగారు. కిరీటాల ముందు జనం ఆగిపోకుండా నేలమీద కదిలే నడవా ఒకటి ఏర్పాటు చేశారు. దానిమీద నిలబడినవారు కొద్ది క్షణాల్లో ఆ అద్దాల పెట్టెలను దాటిపోతారు. ఇక్కడి నిషేధంలో భద్రత ఒక పాలు, జనప్రవాహాన్ని ఆగనివ్వకపోవడం మరొక పాలు అనుకోవచ్చు. వజ్రానికి వెలుతురు వల్ల వచ్చే చేటు ఏమీ లేదు. 17వ శతాబ్దంలో కొల్లూరును చూసిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ గనుల ప్రాంతం ఇప్పుడు పులిచింతల జలాశయపు నీటిలో ఏడాదిలో ఎక్కువ కాలం మునిగి ఉంటుంది. కనుక వజ్రాన్ని ఫోటో తీయడానికి లండన్‌లో అనుమతి లేదు, వజ్రం పుట్టిన చోటును ఫోటో తీయడానికి పల్నాడులో నీరు అడ్డం.

అమరావతి ఫలకాల సంగతి ఇందుకు భిన్నం. వాటిని చెక్కిన లేత ఆకుపచ్చ ఛాయగల సున్నపురాయిని పురాతత్త్వ గ్రంథాలు పల్నాటి రాయి అనే పిలుస్తాయి. దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతాల్లో నేడు సున్నపు బట్టీలకూ సిమెంటు ఫ్యాక్టరీలకూ వెళ్తున్నది కూడా ఆ సున్నపురాతి జాతే. ఈ రాయికి తేమ వల్ల, పొగ వల్ల, ఆమ్లం కలిసిన వాన వల్ల హాని ఉంది గాని, కెమెరా వెలుతురు వల్ల లేదు. అందుచేత మ్యూజియం తేమను అదుపులో ఉంచేందుకు గదికి అద్దపు గోడ కట్టింది, కెమెరాను మాత్రం రానిచ్చింది. అయితే ఆ అనుమతికీ హద్దులున్నాయి. చేతితో పట్టుకున్న కెమెరాతో, సొంత ఉపయోగానికి మాత్రమే ఫోటో తీసుకోవాలి. మూడుకాళ్ల స్టాండు, అంటే ట్రైపాడ్, తేకూడదు. అమ్మకానికీ ప్రకటనలకూ వాడదలచినవారు ముందుగా అనుమతి పొంది, తగిన రుసుము చెల్లించాలి. ప్రపంచంలోని చాలా మ్యూజియాల్లో, కోటల్లో ఈ మూడు షరతులూ కొద్దిపాటి తేడాలతో కనిపిస్తాయి కనుక, బయలుదేరే ముందు యాత్రికుడు వీటినైనా గుర్తుంచుకోవడం మంచిది.

వెలుతురును కారణంగా చూపే నిషేధాలను కొంత విడమరచి చూడాలి. ఒక ఉపరితలం మీద ఎంత వెలుతురు పడుతున్నదో చెప్పే కొలతను లక్స్ అంటారు. పత్తి, పట్టు వస్త్రాలు, నీటిరంగుల చిత్రాలు, తాళపత్రాలు, రాతప్రతులు వంటి సున్నితమైన వస్తువులను ప్రదర్శించేటప్పుడు 50 లక్స్‌కు మించనీయకూడదని సంగ్రహాలయాల వారు సాధారణంగా పాటిస్తారు. ఎండలో ఆ కొలత వేలల్లో ఉంటుంది కాబట్టి, బయటి నుంచి వచ్చినవారికి ఆ గదులు చీకటి కొట్లలా తోస్తాయి. రంగు వెలిసిపోవడం అనేది ఏళ్ల తరబడి కూడుకునే నష్టం. ఒక్క మెరుపు, అంటే ఫ్లాష్, చేసే హాని ఏళ్ల తరబడి నిరంతరం వెలిగే దీపాల హానితో పోలిస్తే చాలా చిన్నదని పరిరక్షణ శాస్త్రజ్ఞుల్లో పలువురి అభిప్రాయం. అయినా రోజుకు వేలమంది వచ్చే చోట ఎవరి మెరుపును ఆపాలో, ఎవరిదాన్ని వదలాలో కాపలాదారు తేల్చలేడు. పైగా చీకటికి అలవాటు పడిన కళ్లకు పక్కవాడి మెరుపు పెద్ద చికాకు. రాతి శిల్పం ముందు ఫ్లాష్ వద్దన్నప్పుడు అది రాయికోసం కాక, ఆ గదిలోని తోటి మనుషుల కోసం చేసిన నియమమని గ్రహించాలి. రంగు వేసిన గోడ ముందు వద్దన్నప్పుడు మాత్రం రెండు కారణాలూ కలిసి ఉంటాయి.

భారతదేశంలో ఈ నియమాల చరిత్ర ఆసక్తికరమైనది. రక్షిత కట్టడాలను గూర్చిన 1959 నాటి కేంద్ర నిబంధనలు ప్రతికృతి తీయడాన్నీ చలనచిత్రం తీయడాన్నీ వేరుచేశాయి. చేతిలో ఇమిడే, ఎనిమిది మిల్లీమీటర్లకు మించని ఫిల్ము వాడే, స్టాండు అక్కరలేని కెమెరాతో తీసినదాన్ని మొదటి తరగతిలో, తక్కినదాన్ని రెండవ తరగతిలో చేర్చి, రెండవదానికి ముందస్తు అనుమతి కావాలన్నాయి. ఫిల్మే లేని సెల్‌ఫోనుతో సినిమా తీసే రోజులు వస్తాయని ఆ వాక్యాలు రాసినవారు ఎలా ఊహించగలరు? పెళ్లికి ముందు జంటలను పాత కోటల్లో నిలిపి చిత్రించే ముఠాలకూ, ఊరికే రీలు తీసుకునే విద్యార్థికీ మధ్య గీత ఎక్కడ గీయాలో తెలియక కాపలా సిబ్బంది నేటికీ తడబడటానికి మూలం ఇక్కడే ఉన్నది. 2018 జూలైలో పురావస్తు సర్వేక్షణ శాఖ తన ఆధీనంలోని కట్టడాల్లో ఫోటోలపై ఉన్న ఆంక్షలను ఎత్తివేసింది. అప్పుడు కూడా అజంతా గుహలనూ, లేహ్ రాజభవనాన్నీ, తాజ్‌మహల్‌లోని సమాధి మందిరాన్నీ మినహాయించింది. సాతవాహనుల కాలం నాటి రంగులు ఇంకా మిగిలి ఉన్న అజంతాను మినహాయించడంలో ఉన్న వివేకాన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

ఆలయాల్లోని నిషేధానికి వెలుతురుతోనూ భద్రతతోనూ సంబంధం లేని మరొక పునాది ఉంది. అది కెమెరా కంటే చాలా పాతది. ప్రాణప్రతిష్ఠ జరిగిన మూలవిరాట్టును, అంటే గర్భగుడిలో కదలకుండా నెలకొన్న ప్రధాన విగ్రహాన్ని, భక్తుడు చూడటంతోపాటు స్వామి భక్తుణ్ణి చూడటం కూడా దర్శనంలో భాగమని సంప్రదాయం భావిస్తుంది. ఆ చూపుకు వేళ ఉంది, దూరం ఉంది, మధ్యలో తెర కూడా ఉంది. నివేదన వేళ, అలంకారం మార్చే వేళ అర్చకుడు తెర దించితే ఎంతటివారైనా బయటే నిలబడతారు. వైఖానస, పాంచరాత్ర ఆగమాలు రూపొందిన నాటికి కెమెరా లేదు కాబట్టి ఆ గ్రంథాల్లో దాని పేరు వెతకడం వృథా. కాని చూపుకు హద్దు పెట్టే అధికారం ఆలయానిదన్న సూత్రం వాటిలో ఉన్నదే, నేటి నిషేధం దానికి కొనసాగింపే. దాచేపల్లి మండలంలోని పొందుగల దగ్గర వంతెన దాటితే కృష్ణా మూసీ నదుల సంగమంలో వాడపల్లి ఉంది. అక్కడి లక్ష్మీనరసింహస్వామి గర్భగుడిలో స్వామి ముఖానికి ఎదురుగా ఉన్న దీపం ఆయన ఉచ్ఛ్వాస నిశ్వాసలకు కదులుతుందనీ, కింది దీపం నిశ్చలంగా ఉంటుందనీ భక్తుల నమ్మకం. నమ్మకాన్ని పక్కన పెట్టి చూసినా, ఆ దీపపు కదలికను గమనించాలంటే చీకటి ఉండాలి, నిలకడగా నిలబడాలి. ఒక్క ఫోను తెర వెలిగితే ఆ రెండూ చెదిరిపోతాయి.

తిరుమలలో భక్తులు కెమెరాలనూ సెల్‌ఫోన్లనూ ఆలయం బయటి కౌంటర్లలో అప్పగించి లోపలికి వెళ్లడం ఇప్పుడు ఎవరికీ కొత్తగా తోచడం లేదు. తిరుమల తిరుపతి దేవస్థానం దీనికొక ప్రత్యామ్నాయాన్ని కూడా చూపింది. వైభవోత్సవాల పేరుతో పట్టణాల్లో నమూనా ఆలయాన్ని నిలిపి, అక్కడ నిత్యసేవలను జనం దగ్గరగా చూసే ఏర్పాటు చేసింది. మూలస్థానంలో నిలువరించిన చూపుకు వేరొకచోట దారి ఇవ్వడం ఎంతో తెలివైన పని. 2022 డిసెంబరులో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం తమిళనాడు ఆలయాలన్నింటిలోనూ సెల్‌ఫోన్లను నిషేధించాలని ఆదేశించినప్పుడు, ఆలయాల పవిత్రతనూ ప్రశాంతతనూ కారణాలుగా చూపింది. నేపాల్‌లోని పశుపతినాథ ఆలయానికి వెళ్లే తెలుగు యాత్రికులు అక్కడి ప్రధానాలయంలోనూ ఇదే నిషేధాన్ని చూస్తారు. ఆ ఆలయంలోకి హిందువులు కానివారికి ప్రవేశమే లేదు కాబట్టి, వారు బాగ్మతి నదికి ఆవలి గట్టు మీద నుంచే చూసి వెళ్తారు.

బౌద్ధ దేశాల్లో నియమం మరో తీరుగా ఉంటుంది. తెలుగు ఆలయాల్లో పెద్దలు దర్శనం ముగించాక దేవుడికి వీపు చూపకుండా నాలుగడుగులు వెనక్కి నడిచి, ఆ తర్వాతే తిరుగుతారు. శ్రీలంకలో బుద్ధవిగ్రహానికి వీపు చూపి ఫోటోకు నిలబడరాదన్న నియమం వెనుక ఉన్నది ఇదే మర్యాద. సెల్ఫీ తీసుకునేవాడు వెనుకనున్నదాన్ని చూపించడానికి దానికి వీపు తిప్పక తప్పదు. కనుక బుద్ధుని ముందు సెల్ఫీ తీసుకోవడమనేది ఎంత భక్తితో చేసినా అక్కడివారి దృష్టిలో అపచారమే అవుతుంది. 2012లో ముగ్గురు ఫ్రెంచి పర్యాటకులు బుద్ధవిగ్రహాన్ని ముద్దాడుతున్నట్టు ఫోటోలు దిగితే, వాటిని ప్రింటు వేయడానికి ఇచ్చిన స్టూడియో నుంచి సంగతి పోలీసుల దాకా వెళ్లింది, గాల్ నగరపు న్యాయస్థానం వారికి శిక్ష విధించి అమలును నిలిపి ఉంచింది. సిగిరియా కొండమీది కుడ్యచిత్రాల దగ్గర మాత్రం ఫోటో నిషేధానికి కారణం రంగుల రక్షణే. ఒకే దేశంలో రెండు బోర్డులు, రెండు కారణాలు. అమరావతి తొలినాటి శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కకుండా ఖాళీ ఆసనంతో, పాదముద్రలతో, ధర్మచక్రంతో సూచించారు. ఆ శిల్పరీతిని చూసి పెరిగిన పల్నాటి సీమవారికి, బుద్ధుని సన్నిధి అనేది విగ్రహం ముఖంలోనే ఉండనక్కరలేదని వేరే చెప్పనవసరం లేదు.

థాయిలాండ్‌కు గుంటూరు మిర్చి చాలాకాలంగా వెళ్తున్నది, ఇటీవల మనుషులూ వెళ్తున్నారు. బ్యాంకాక్‌లో 1782లో మొదలైన మహారాజప్రాసాదపు ఆవరణలోనే మరకత బుద్ధుని ఆలయం ఉంది. బుద్ధుడు కొలువైన ప్రధాన మందిరంలో ఫోటో తీయరాదు, చెప్పులతో అడుగు పెట్టరాదు, కూర్చున్నప్పుడు పాదాలు విగ్రహం వైపు చాపరాదు. భుజాలూ మోకాళ్లూ కప్పని దుస్తులతో వచ్చినవారిని ద్వారం దగ్గరే ఆపుతారు. అయితే ఆలయం చుట్టూ ఉన్న వసారా గోడలపై థాయి రామాయణాన్ని 178 ఘట్టాలుగా చిత్రించారు, అక్కడ కెమెరాకు అడ్డు లేదు. రామకథలో పుట్టి పెరిగిన తెలుగు యాత్రికునికి అక్కడ దొరికే ఆనందం లోపలి మందిరంలో కోల్పోయిన ఫోటో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాని విమానం టికెట్టుతోపాటు కొన్న హడావుడి వల్ల చాలామంది ఆ వసారాను చూడకుండానే బస్సెక్కుతున్నారు. కంబోడియాలోని అంగ్‌కోర్‌లో దుస్తుల విషయంలో ఇలాంటి నియమమే ఉంది, ముందస్తు అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయడానికి వీల్లేదు. ఈజిప్టు, మొరాకో వంటి దేశాల్లోనైతే అనుమతి లేని డ్రోన్‌ను విమానాశ్రయంలోనే స్వాధీనం చేసుకుంటారు కాబట్టి, దాన్ని ఇంటి దగ్గర వదిలి వెళ్లడమే మేలు.

పవిత్రత, రక్షణ అనే పేర్ల చాటున డబ్బు కూడా ఉండవచ్చునని చూపే ఉదాహరణ వాటికన్‌లో ఉంది. పోపుగారి ప్రాసాదంలో భాగమైన సిస్టీన్ ప్రార్థనామందిరపు పైకప్పును, బలిపీఠం వెనుక గోడను మైకెలాంజెలో చిత్రించాడు. వాటిని శుభ్రపరిచే పని 1980లో మొదలై 1994 దాకా సాగింది. అందుకు కావలసిన లక్షల డాలర్లను జపాన్‌కు చెందిన నిప్పాన్ టెలివిజన్ భరించింది. ప్రతిఫలంగా, శుభ్రపరిచిన భాగాలను ఫోటోలు, చలనచిత్రాలు తీసే ప్రత్యేక హక్కు ఒక్కొక్క దశ పూర్తయ్యాక మూడేళ్లపాటు దానికి దక్కింది. సాధారణ సందర్శకుని కెమెరాపై నిషేధం ఆ రోజుల్లో బలపడింది. గడువులు 1997 నాటికి ముగిసినా నిషేధం కొనసాగుతూనే ఉంది, దానికి ఇప్పుడు చెప్పే కారణాలు జనసమ్మర్దం, ప్రార్థనామందిరపు మర్యాద. ఆ కారణాలు అబద్ధాలని చెప్పడానికి లేదు. రోజుకు వేలమంది ఊపిరితో, చెమటతో ఆ గది గాలి మారిపోతుంటే, జనం ఆగకుండా కదలడం గోడలకూ మంచిదే. కాని ఒక నియమం పుట్టిన కారణమూ, అది బతికి ఉండటానికి చెప్పే కారణమూ వేరు కావచ్చునని ఈ ఉదంతం తేటపరుస్తుంది. నియమాన్ని పాటించడం సందర్శకుని విధి అయినా, దాని పుట్టుక గురించి అడిగే హక్కు కూడా అతనికి ఉంటుంది.

రాజభవనాల్లో కెమెరా మొదటి నుంచీ యజమాని ఇష్టం మీద ఆధారపడిన వస్తువు. హైదరాబాదులో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళ్‌కు 1894లో ముసవ్విర్ జంగ్ బిరుదు లభించింది. ఆయన తీసిన కొలువుల, విందుల, వేటల చిత్రాలన్నీ ప్రభువు చూపదలచుకున్నవే. నేడు టికెట్టు కొన్నవారెవరైనా చౌమహల్లా రాజభవనంలో తిరగవచ్చు, కాని ఫలక్‌నుమా 2010 నుంచి హోటలుగా మారింది కాబట్టి అక్కడి గదుల్లో ఎవరైనా అలా స్వేచ్ఛగా తిరగలేరు. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి రాజభవనంలో తోటల్లో, మండపాల్లో ఫోటోలు తీసుకోవచ్చు గాని, ఖజానాలోనూ ప్రవక్త మహమ్మదుకు చెందినవని భావించే పవిత్ర వస్తువుల గదుల్లోనూ కూడదు. ఫ్రాన్సులోని వెర్సాయ్ రాజభవనం ఫోటోలను అనుమతిస్తూనే 2015లో సెల్ఫీ స్టిక్‌ను నిషేధించింది. అద్దాల మందిరంలో అందరూ ఒక్కొక్క కర్ర పట్టుకుని ఊపితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇంతవరకు చెప్పిన నిషేధాలన్నింటిలోనూ సందర్శకుని బాధ్యతే కనిపిస్తుంది. నిషేధించినవారి బాధ్యత మాటేమిటి? ఇండోనేసియాలోని బోరోబుదూరు మహాస్తూపపు అడుగున, కట్టడం జారిపోకుండా ప్రాచీన కాలంలోనే రాళ్లు పేర్చి కప్పివేసిన శిల్పపంక్తి ఒకటి ఉన్నట్టు 1885లో బయటపడింది. ఆ రాళ్లను కొంత కొంతగా తొలగించి, మంచి చెడు కర్మల ఫలాలను చూపే 160 ఫలకాలను కాసియన్ సెఫాస్ అనే జావా ఛాయాచిత్రకారుడు 1890–91లో ఫోటోలు తీశాడు. తర్వాత వాటిని మళ్లీ కప్పివేశారు. ఒక మూల తెరిచి ఉంచిన కొన్నింటిని మినహాయిస్తే, నేటికీ ప్రపంచం ఆ ఫలకాలను చూస్తున్నది సెఫాస్ గాజుపలకల మీదుగానే. జపాన్‌లోని హోర్యూజీ ఆలయపు స్వర్ణమందిరంలో ఉన్న ప్రాచీన కుడ్యచిత్రాలను 1935లో క్యోటోకు చెందిన బెన్రిదో సంస్థ అసలు పరిమాణంలోనే ఫోటోలు తీసింది. 1949 జనవరి 26న అగ్నిప్రమాదంలో ఆ చిత్రాలు మాడిపోయాయి, 1960ల్లో ఆ ఫోటోల ఆధారంతోనే వాటి నకళ్లను చిత్రించి గోడలకు అమర్చారు. ఆ మందిరంలో సందర్శకుని కెమెరాకు ఇప్పటికీ ప్రవేశం లేదు, అందులో అన్యాయమూ లేదు. నిపుణుని కెమెరాకు ఒకసారి సవ్యంగా తలుపు తెరిచిన ఆలయం, వేలమంది కెమెరాలకు తలుపు మూసినా చరిత్రకు లోటు రాదు.

పల్నాటి చరిత్ర ఈ విషయంలో రెండు వైపులా సాక్ష్యం చెబుతుంది. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో పట్టణం కట్టిస్తున్నప్పుడు మహాస్తూపాన్ని కప్పిన దీపాలదిన్నె అనే మట్టిదిబ్బలో చెక్కిన రాళ్లు బయటపడ్డాయి, చాలా రాళ్లు గోడల్లోకీ మెట్లలోకీ పోయాయి. సర్వే అధికారి కాలిన్ మెకంజీ బృందం 1816 తర్వాత గీసిన రేఖాచిత్రాల్లో కనిపించే ఫలకాలు కొన్ని ఇప్పుడు ఎక్కడా లేవు. ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, అక్కడ ఏళ్లపాటు ఎండకూ వానకూ పడి ఉన్నాయి. మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడైన లిన్నేయస్ ట్రైప్ 1858లో వాటిని ఒక్కొక్కటిగా ఫోటోలు తీశాడు. మరుసటి ఏడాది అవి ఓడ మీద లండన్ వెళ్లాయి, అక్కడ కూడా ఒక బండ్ల కొట్టంలో మరుగున పడి ఉండగా 1867లో వాస్తుచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ వాటిని గుర్తించి, మరుసటి ఏడాది సాంచీ అమరావతి స్తూపాలపై గ్రంథం వెలువరించాడు. దిబ్బను తవ్వినప్పుడు ఏ రాయి ఎక్కడ ఉన్నదో ఎవరూ ఫోటో తీయలేదు, ఆ లోటు వల్లే స్తూపపు అసలు అమరిక గురించి పండితులు నేటికీ వాదించుకుంటున్నారు. నాగార్జునకొండలో అలా జరగలేదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగేలోగా 1954–60 మధ్య పురావస్తు శాఖ దాన్ని సమగ్రంగా తవ్వి, కొలిచి, ఫోటోలు తీసి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదికీ అనుపుకూ తరలించింది. ఆ లోయను ముంచిన నీళ్లే దాచేపల్లి పొలాలకు కుడికాలువ ద్వారా వస్తున్నాయి.

ఫోటో రికార్డుకు ఉన్న విలువ ప్రకాశం జిల్లాకు కూడా అనుభవంలోకి వచ్చింది. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న చందవరం బౌద్ధక్షేత్రాన్ని 1970ల్లో తవ్వారు. అక్కడి శిల్పాలను ఆ చోటనే భద్రపరిచారు. బుద్ధుని ఆరాధకులను చూపే సున్నపురాతి శిల్పం ఒకటి అక్కడి నుంచి దొంగల పాలై, చేతులు మారి, 2005లో న్యూయార్కు వ్యాపారి ద్వారా ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరింది. అమ్మకపు కాగితాలు అంతా సక్రమమేనన్నాయి. ఆ శిల్పం 1990ల్లో భారతదేశంలోనే ఉన్నదని నిరూపించే పాత ఫోటోలు వెలుగులోకి వచ్చాక ఆ కాగితాలు నిలవలేదు, 2016 సెప్టెంబరులో ఆస్ట్రేలియా దాన్ని భారతదేశానికి అప్పగించింది. అంతకు రెండేళ్ల ముందు అదే చిత్రశాల నుంచి తిరిగివచ్చిన తమిళనాడులోని శ్రీపురందన్ ఆలయపు నటరాజ విగ్రహం విషయంలోనూ, పుదుచ్చేరి ఫ్రెంచి పరిశోధన సంస్థ 1990ల్లో తీసి దాచిన ఫోటోలే సాక్ష్యంగా నిలిచాయి.

కళావస్తువుల గుర్తింపు కోసం 1997లో రూపొందిన అంతర్జాతీయ ప్రమాణం అడిగేవి కొద్దిపాటి వివరాలే: పక్కన కొలబద్ద పెట్టి, అన్ని వైపుల నుంచి తీసిన స్పష్టమైన ఫోటోలు, పదార్థం, కొలతలు, విరుగుళ్లు మచ్చల వంటి గుర్తులు, తేదీ. ఉత్సవమూర్తులకు, అంటే ఊరేగింపుకు కదిలే విగ్రహాలకు, దొంగల భయం ఎక్కువ కనుక ఈ పని ముందుగా వాటికే జరగాలి. ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం 1987 ప్రకారం ఆలయాలు తమ ఆస్తుల వివరాలతో రిజిస్టరు ఉంచవలసి ఉంది. ఆ రిజిస్టరులోని ప్రతి విగ్రహానికీ ఎదురుగా ఇలాంటి ఫోటో అతికించి, నకలును ఊరికి దూరంగా వేరొక కార్యాలయంలో భద్రపరచడానికి ఏ ఆగమమూ అడ్డు చెప్పదు. అర్చకుడే శుచిగా, తెర తొలగించే వేళ చూసి, మెరుపు లేకుండా ఆ ఫోటో తీయవచ్చు.